నాకెవరూ ఏమీ చెప్పలేదు

ఆమె మొగుడి మీద చెప్పుకోవడానికి పెద్ద నేరాలేమీ లేవు. తాగడు, తిట్టడు, తడి తువ్వాలు మంచం మీద పడెయ్యడు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, మార్కులు వేస్తాడు. పొద్దున్నే టీ ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ఏడు" అంటాడు. పదికి ఏడన్నమాట. మిగతా మూడూ ఎక్కడ ఒలికిపోయాయని అడిగితే, "నిన్నటికంటే మెరుగే" అని పేపరు తిప్పుతాడు. పెళ్ళయిన కొత్తలో ఆ మూడు మార్కుల కోసం ఆమె పాలు మార్చింది, పొడి మార్చింది, గ్లాసులు మార్చింది. చివరికి తెలివొచ్చి పట్టించుకోవడం మానేసింది.

పక్కింటివాళ్ళ కొత్త సోఫాకి అయిదున్నర. గోడకి కొట్టిన మేకుకి నాలుగు. కన్నతల్లి గురకకి ఎనిమిది వేశాడని అత్తగారు ఇప్పటికీ చెప్పుకుంటారు, కొంచెం గర్వంగానే.

ఆయన్ని అని లాభం లేదు, ఉద్యోగం అలాంటిది. సైన్యంలో పటాలాల సన్నద్ధత తనిఖీ చేసే బృందానికి ఆయన పెద్ద. ఉన్నపళంగా కదలమని ఆర్డరొస్తే ఫలానా పటాలం కదలగలదా, బండ్లు స్టార్టవుతాయా, మనుషులు మాట వింటారా అని వెళ్ళి చూసి, మార్కులు వేసి వస్తాడు. ఆ మార్కుల్ని బట్టి ఒక కమాండరు కుర్చీలో ఉంటాడు, ఇంకో కమాండరు లేస్తాడు. అలాంటి మనిషి ఇంటికొచ్చి టీకి ఏడిస్తే కళ్ళకద్దుకోవాలి.

అయితే ఈమధ్య ఆ మార్కులకే మార్కులు వేసే మనిషి ఒకడు దిగాడు. పై ఆఫీసునుంచి వచ్చాడు, యూనిఫాం లేదు, సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. ఇంట్లో అతన్ని లెక్కలాయన అనేవారు. పాత తనిఖీలన్నీ ముందేసుకుని కూర్చుని అతను కనిపెట్టిందేమిటంటే, మధ్యాహ్నం భోజనం బాగా పెట్టిన పటాలాలన్నీ యుద్ధానికి సిద్ధంగా ఉన్నాయి. గేటు దగ్గర రాళ్ళకి సున్నం కొట్టిన పటాలాలు ఇంకా సిద్ధంగా ఉన్నాయి. తనిఖీ ఆఫీసరుకి పాత స్నేహితుడు కమాండరైతే, ఆ పటాలం నిన్ననే గెలిచి తిరిగొచ్చినంత సిద్ధంగా ఉంది.

దాంతో కొత్త రూల్సు వచ్చాయి. ఆయన వాటిని భోజనాల దగ్గర చదివి వినిపించాడు, వీధిలో ఎవరో తనని దొంగ అన్నట్టు ముఖం పెట్టుకుని. ఎవరి మార్కులు వాళ్ళే విడిగా వెయ్యాలి. అవి లెక్కలాయన చేతికి అందేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. పటాలంలో మంచినీళ్ళు కూడా పుచ్చుకోకూడదు.

"టీ కూడానా?" అంది ఆమె.

"టీ కూడా."

"మరి పాపం అక్కడ మీరు దేనికి ఏడు వేస్తారు?"

అత్తగారు ఫక్కున నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆయన చదవడం ఆపలేదు గానీ, ఆ నవ్వులో తరవాతి రూల్సు రెండో మూడో కొట్టుకుపోయాయి. మళ్ళీ ఆమె చెవులు తెరుచుకునేసరికి ఆయన మధ్యాహ్నం భోజనం దగ్గరున్నాడు. ఇంటినుంచి తెచ్చుకోవాలట.

"ఎవరింటినుంచి?" అని అడిగింది. జవాబు అక్కర్లేని ప్రశ్న అది.

ఆయనకొకటి, బృందంలో రెండో మనిషిగా ఉన్న చిన్నాఫీసరుకొకటి, ఆ అమ్మాయి హాస్టల్లో ఉంటుంది కనక వండుకునే వీల్లేదు, గెస్టుహౌసులో దిగిన లెక్కలాయనకొకటి. దేశ రక్షణలో పక్షపాతం లేకుండా చూసే బరువంతా తిరిగి తిరిగి మూడు క్యారియర్లయి ఆమె వంటింటి గట్టుమీద కూర్చుంది.

తనిఖీకి ముందురోజు చూసుకుంటే ఒక క్యారియరుకి పక్క క్లిప్పు ఊడిపోయి ఉంది. అది వేయించుకు రావడానికి ఆమె బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఊరి చివర బస్సు రవాణా పటాలం కంచె పక్కనుంచి పోతుంది. తెల్లారితే ఆయన చూడబోయేది ఆ పటాలాన్నే. లారీలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటికింద నీడలో మనుషులు పడుకుని ఉన్నారు. బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, టోపీలు ముఖాల మీద కప్పుకుని. పొద్దు బాగా ఎక్కింది. ఒకడి పాదం లారీ చక్రానికి ఆనుకుని ఉంది, మేజోడుకి వేలు దగ్గర చిల్లు. హాయిగా ఉన్నారే అనుకుంది ఆమె. అప్పటికి అందులో తప్పేమీ కనిపించలేదు.

గిన్నెల షాపులో ఆ పటాలం కమాండరు భార్య కనిపించింది. ఇద్దరికీ పరిచయమే. కిందటేడు ఒక ఆస్పత్రి వరండాలో, ఈమె అత్తగారి కంటికోసం, ఆమె పిల్లవాడి చెవికోసం, రోజుల తరబడి ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఒకే సంచిలోంచి బత్తాయిలు ఒలుచుకు తిన్నారు. అందుకని ఈమె నవ్వుతూ చెయ్యెత్తింది. కమాండరు భార్య చూసింది. చూడలేదనడానికి లేదు, కళ్ళూ కళ్ళూ కలిశాయి. చూసి, చేతిలో ఉన్న గరిటె గట్టు మీద పెట్టేసి, తలదించుకుని గబగబా బయటికి నడిచింది. "అమ్మా, మీ గరిటె" అని షాపతను పిలిచినా వెనక్కి తిరగలేదు.

షాపతను గరిటె వంక చూశాడు, తరవాత ఈమె వంక చూశాడు. ఎత్తిన చెయ్యి ఇంకా పైనే ఉంది. దాన్నేం చెయ్యాలో తోచక ఆమె పైన వేలాడుతున్న ఒక మూతగిన్నెని చూపించి, "అదొకటివ్వండి" అంది. అలాంటివి ఇంట్లో అప్పటికే రెండున్నాయి.

ఇంటికొచ్చి చిక్కుళ్ళు ఒలుస్తూ అత్తగారికి లారీల కింద నిద్ర సంగతి చెప్పింది. షాపు సంగతి చెప్పలేదు. "ఈ మూడో గిన్నె ఎందుకే?" అని అత్తగారు అడిగితే, క్యారియర్ల ఇంటికి గిన్నెలు ఎన్నయినా చాలవంది.

సాయంత్రం భోజనాల దగ్గర అదే సంగతి మళ్ళీ చెప్పింది. ఒకసారి చెప్పింది రెండోసారి చెప్పాలంటే ఆమెకి చప్పగా చెప్పడం చేతకాదు. తిరగమోత పెట్టాల్సిందే.

"రేపు మీరు చూడబోయే పటాలాన్ని నేను ఇవాళే చూసేశానండీ," అంది. "లారీలన్నీ బుద్ధిగా నిలబడే ఉన్నాయి. మనుషులే పడున్నారు."

అత్తగారు నవ్వారు. ఆ నవ్వుకి ఆమెకి ఊపొచ్చింది.

"ఒకడైతే టోపీ ముఖాన వేసుకుని గురక. మీ ఎనిమిది మార్కుల గురకలాంటిది అత్తయ్యా. ఇంకో లారీ కింద నలుగురు చేరి పేకాట. ముక్కలు గాలికి ఎగిరిపోకుండా బూట్లు బరువు పెట్టుకున్నారు పాపం. ఆ కమాండరుకి ఇంట్లోనే అదుపు లేదు, పటాలంలో ఎక్కణ్ణుంచి వస్తుంది?"

పేకాట నోటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. వచ్చింది. ఆ వెనకే బూట్లు కూడా వచ్చాయి. బాగా కుదిరింది. అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

ఆయన నవ్వలేదు. కంచంలో కలుపుతున్న చెయ్యి కాసేపు ఆగింది. "ఊఁ" అన్నాడు. తరవాత కూరకి ఆరు వేశాడు.

మొదటిరోజు తనిఖీ నుంచి ఆయన మాటా పలుకూ లేకుండా వచ్చాడు. వరండాలో కూర్చుని బూట్లు విప్పుతూ, ఎవరితోనూ కాకుండా, "చురుకు లేదు" అన్నాడు.

"ఎవరికి?"

"ఆ పటాలానికి. బురదలో దిగబడ్డ లారీని లాగే పరీక్ష పెట్టాం. టైము బాగానే వచ్చింది, కాదనను. కానీ మనుషుల కళ్ళు చూడాలి. నిద్రకళ్ళు. లారీ లాగుతూ ఒకడు ఆవులించాడు."

"టైము బాగా వస్తే చాలదా?"

"టైము గడియారానికి కనిపిస్తుంది. క్రమశిక్షణ అనుభవానికి కనిపిస్తుంది," అన్నాడు ఆయన. ఆ వాక్యం ఆయనకే నచ్చింది. భోజనం చేస్తూ తల్లికి మళ్ళీ చెప్పాడు.

రెండోరోజు హుషారుగా వచ్చాడు. టీ గ్లాసు అందుకుంటూనే, "ఇవాళ ఒక లారీలో డ్రైవరు ముందుండే అరలో చెయ్యి పెట్టాను. ఏం దొరికిందో చెప్పు చూద్దాం," అన్నాడు.

"స్పానరా?"

"పేకముక్కలు."

ఆమె గట్టు తుడుస్తోంది. చేతిలోని గుడ్డ ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది.

"నాకు మొదట్నుంచీ అనుమానమే," అన్నాడాయన. "ఎక్కడ వెతకాలో మనిషికి సర్వీసు మీద తెలుస్తుంది."

"ఎన్ని లారీల్లో వెతికారు?"

"దొరికేదాకా."

"పోయిన నెల చూసిన పటాలంలోనూ అరల్లో వెతికారా?"

"అక్కడ ఆ అవసరం రాలేదు." ఆయన టీ పూర్తి చేసి, "ఎనిమిది" అన్నాడు. ఎనిమిది రావడం ఎన్నో ఏళ్ళ తరవాత. ఆమెకి సంతోషం కలగలేదు.

"కమాండరేమంటాడు?"

"ఏమంటాడు? రాత్రుళ్ళు లైట్లార్పి లారీలు నడిపిస్తున్నాం సార్, తెల్లారాక పడుకోమని నేనే ఆర్డరిచ్చాను, మీరు పగలే పరీక్షలు పెడుతున్నారు, అంటాడు. ప్రతి కమాండరు దగ్గరా ఒక కథ ఉంటుంది."

"ఒకవేళ తప్పితే వాళ్ళకేమవుతుంది?"

"సెలవులన్నీ రద్దు. మళ్ళీ మొదట్నుంచీ శిక్షణ. కమాండరుని తీసేసి ఏ గోడౌనుకో పంపిస్తారు, దుప్పట్లు లెక్కపెట్టుకోమని." ఆయన అది కసిగా అనలేదు. రేపు వానొస్తుందన్నట్టు అన్నాడు.

ఆమె గుడ్డ పిండి ఆరేసింది. ఆరేస్తూ తనకి తాను సర్దిచెప్పుకుంది. పేకముక్కలు దొరికాయి కదా. దొరికినవి అబద్ధమెలా అవుతాయి? తను చూడకపోతేనేం, ఉన్నాయి. అన్నాక దొరికాయంటే, అనకముందు కూడా ఉన్నట్టే. ఈ లెక్క పైపైన చూస్తే సరిపోయింది. ఆమె పైపైనే చూసి ఊరుకుంది.

మర్నాడు సాయంత్రం చిన్నాఫీసరు ఖాళీ క్యారియర్లు ఇవ్వడానికి వంటింట్లోకి వచ్చింది. పొడుగ్గా, ఎండకి కమిలిన ముఖంతో, ఎప్పుడూ తన గిన్నెలు తానే కడిగి బోర్లించి వెళ్ళే పిల్ల. ఎంత వద్దన్నా వినదు.

"మీ కూర తిని నేను ఆ యూనిట్‌కి ఎక్కువ మార్కులు వేసేస్తానేమో అని మా లెక్కలాయనకి భయం ఆంటీ," అంది, గిన్నె తోముతూ.

"వెయ్యమ్మా, నాదేం పోయింది?"

"అమ్మో, మార్కుల సంగతి ఇళ్ళల్లో మాట్లాడకూడదు."

"మా ఇంట్లో మాట్లాడేది అదొక్కటే."

ఆ పిల్ల నవ్వింది. గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, టీ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. "ఇలా గుమ్మంలో నిలబడి టీ తాగి నాలుగు రోజులైనట్టుంది. ఆ క్వార్టర్స్ వైపు వెళితే నన్ను చూసి ఆడవాళ్ళందరూ తప్పుకుపోతున్నారు ఆంటీ. నవ్వూ వస్తోంది, జాలీ వేస్తోంది. నిన్న పాల పాకెట్టుకి షాపులోకెళితే ముగ్గురు బయటికెళ్ళి ఎండలో నిలబడ్డారు. కమాండరుగారి భార్యయితే మరీను, ఎదురుపడితే చాలు, రోడ్డు దాటేస్తుంది."

"పొగరా?" అంది ఆమె.

ఆ మాటలో ఎంత ఆశ ఉందో అన్నాక ఆమెకే వినిపించింది.

"పొగరెందుకు ఆంటీ, రూలు. తనిఖీ పూర్తయ్యేదాకా ఆ యూనిట్ ఆడవాళ్ళు మాతో గానీ, మా ఇళ్ళల్లోవాళ్ళతో గానీ మాట్లాడకూడదు. పలకరింపు కూడా వద్దని రాశారు. సార్ మీకు చదివి వినిపించలేదా?"

"వినిపించారు," అంది ఆమె.

టీ రూలు దగ్గర నవ్విన నవ్వు గుర్తొచ్చింది. దానికింద కొట్టుకుపోయిన రూలు ఇదన్నమాట. గరిటె గట్టు మీద పెట్టి తలదించుకుని వెళ్ళిపోయిన మనిషి గుర్తొచ్చింది. ఆ తలదించుకోవడంలో తను పొగరు చూసింది. ఇప్పుడు అదే తలని మళ్ళీ తలుచుకుంటే, పాపం, ఆమె వెళ్ళిన తీరు క్షమించమన్నట్టుంది.

చిన్నాఫీసరు తన ధోరణిలో చెప్పుకుపోతోంది. "అన్నిటికంటే కష్టం లెక్కలాయన ప్రశ్న ఆంటీ. ఈ యూనిట్ గురించి ముందుగా ఏం విన్నారు, ఎవరి దగ్గర విన్నారు అని అడుగుతాడు. నేను హాస్టల్లో ఎవరో అన్నది చెప్పాను, ఆ కమాండరు చాలా మంచివాడని. అయితే మీ కళ్ళకి మంచివే ఆనతాయి, మళ్ళీ వెళ్ళి చెడ్డవి వెతుక్కురండి, అని నన్ను రాత్రి డ్రిల్లుకి పంపించాడు."

"వెతికావా?"

"వెతుకుదామనే ఎక్కాను. లారీల వరస మొత్తానికి ఒక్క దీపం లేదు. ముందు లారీ వెనక ఒక తెల్లగుడ్డ కట్టి ఉంటుంది, దాన్ని చూసుకుంటూ నడుపుతారు. నేను పక్క సీట్లో భయంతో కళ్ళు మూసుకున్నా. మూసినా తెరిచినా ఒకటేలెండి." గ్లాసు ఖాళీ చేసింది. "అలా నడిపినవాడు పగలు ఆవులిస్తే నాకేమీ తప్పనిపించలేదు. అయ్యో, ఇది మార్కుల సంగతి. చెప్పకూడదు."

"మీ సార్ ఏమన్నారు ఆ ప్రశ్నకి?"

"అది అందరి ముందే అన్నారు, దాచేదేం ఉంది. నాకెవరూ ఏమీ చెప్పలేదు, నేను కళ్ళతో చూసిందే రాస్తాను, అన్నారు."

ఆ పిల్ల వెళ్ళిపోయింది. అత్తగారు పీట మీద కూర్చుని, కన్ను ఆపరేషనైనప్పటినుంచీ అన్నిటినీ దగ్గరగా పెట్టుకుని చూసే అలవాటుతో, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు.

"నాదొక చిన్న సందేహమే అమ్మాయ్," అన్నారు తలెత్తకుండానే. "ఆవేళ నువ్వు బస్సు దిగొచ్చి నాకు చెప్పినప్పుడు పేకముక్కలు లేవు. భోజనాల వేళకి ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

ఆమె కుళాయి గట్టిగా కట్టేసింది. అది అప్పటికే కట్టేసి ఉంది.

"కథ బాగుంది, కాదనను. నేనూ నవ్వాను," అన్నారు అత్తగారు. ఒక రాయి ఏరి పక్కన పెట్టారు. "అందుకే అడిగాను. నవ్వినందుకు నాకూ కొంచెం వాటా ఉందేమో అని."

అత్తగారు తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి ఒక మాట అని తేలికపడేది. ఇలా వాటాకొస్తే ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు.

తెల్లారితే ఎవరి మార్కులకి వాళ్ళు కారణాలు చెప్పి, సంతకాలు పెట్టేరోజు. ఆ రాత్రి ఆయన వరండాలో పాత పేపరు పరుచుకుని బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. బూటులో ఎడమచెయ్యి దూర్చి, కుడిచేత్తో బ్రష్షు ఆడించి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మళ్ళీ ఆడిస్తాడు. ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఏమండీ, ఆ పటాలం గురించి మీకెవరూ ఏమీ చెప్పలేదన్నారట."

"చెప్పలేదుగా."

"నేను చెప్పానుగా."

బ్రష్షు ఆగింది. ఆయన నిజంగానే గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. నుదురు ముడిపడింది. "నువ్వేం చెప్పావు?"

"లారీల కింద పడుకున్నారని."

"ఓ, అదా. అది నువ్వేదో సరదాకన్నావు. దాన్ని వినడమంటారా?"

"మరేమంటారు?"

"ఇంట్లో మాటంటారు." బ్రష్షు మళ్ళీ కదిలింది. "ఇన్నేళ్ళలో నువ్వు చెప్పిన ఒక్క మాట విని నేనేదైనా చేశానా, చెప్పు?"

అది నిజమే. ఆ వాదనకి సాక్ష్యాలు ఇంటినిండా ఉన్నాయి. ఆమె వద్దన్న రంగు గోడలకుంది, ఆమె వద్దన్న మంచం గదికి అడ్డంగా ఉంది. వినలేదు కనకే ఆ మాట ఎప్పుడు లోపలికి పోయిందో ఆయనకి తెలియలేదు. గుమ్మంలోంచి వచ్చే మనిషిని ఆపి అడుగుతారు గానీ, ఇంట్లో తిరిగే మనిషిని నువ్వెవరని ఎవరడుగుతారు?

"పోనీ ఒకసారి లెక్కలాయనకి చెబితే..."

"ఏమని? మా ఆవిడ మాట విని మార్కులు వేశాననా? అలా చెప్పిన మరుక్షణం నా మార్కులు పక్కన పెట్టి ఇంకొకణ్ణి పంపిస్తారు. నా సర్వీసులో నా మార్కుల్ని ఎవరూ పక్కన పెట్టలేదు." ఆయన గొంతు పెరగలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "అయినా ఆ పేకముక్కలు నా చేత్తో తీశాను. నువ్వన్నా అనకపోయినా అవి ఆ అరలో ఉన్నాయి. అవునా?"

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. నేను చూడలేదండీ, ఊరికే కల్పించాను. అంతే, నాలుగు మాటలు. ఆయన బూటు చేతికి తొడుక్కుని, తలెత్తి, జవాబుకోసం చూస్తున్నాడు. టీ తాగి కళ్ళు మూసుకునే ముందు చూసే చూపే అది. ఇంతకాలం ఆ మార్కుల్ని గేలిచేసిన మనిషికి, ఇప్పుడు ఆయన తనకి ఎంతేస్తాడో అని భయం వేసింది.

"అవును," అంది ఆమె.

లోపలికొచ్చి గట్టు మీదున్న మూడో గిన్నెని తీసి, ఎవరికీ కనపడని పై అరలో వెనక్కి తోసింది. తోసినా అదక్కడుందని తెలుస్తూనే ఉంది.

తెల్లవారి జీపు వచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. లెక్కలాయన రోజూ జీపులోనే కూర్చునేవాడు, ఇవాళ క్యారియర్లు మోసిపెడదామని మెట్లెక్కి వరండాలోకి వచ్చాడు. చిన్నాఫీసరు అతని వెనక నిలబడింది. అత్తగారు కిటికీ పక్క తన కుర్చీలో ఉన్నారు.

ఆమె క్యారియర్లు తెచ్చింది. రెండు ఆ చేత, ఒకటి ఈ చేత. లెక్కలాయన చేతులు చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"అన్నయ్యగారూ, మీరొక ప్రశ్న అడుగుతారటగా," అంది. "ముందుగా ఎవరేం చెప్పారని."

"అడుగుతానమ్మా."

"నన్ను అడగలేదు."

"ఏమిటిప్పుడు?" అన్నాడాయన కుర్చీలోంచి. "టైమైంది."

"టైము గడియారానికి తెలుస్తుందిలెండి," అంది ఆమె. ఎప్పటిలాగే వచ్చేసింది ఆ వెటకారం. వచ్చినందుకు సిగ్గేసింది. క్యారియర్లు కింద పెట్టడానికి కూడా తోచలేదు. వాటి బరువుకి వేళ్ళు తెల్లబడుతున్నాయి.

"తనిఖీకి ముందురోజు నేను బస్సులో వెళుతూ ఆ పటాలాన్ని చూశాను. లారీల కింద పడుకుని ఉన్నారు. అది చూశాను, ఆ సాయంత్రం ఈయనకి చెప్పాను. పేకాడుతున్నారని కూడా చెప్పాను." ఆగింది. "అది చూడలేదు."

లెక్కలాయన చాచిన చేతులు దించాడు.

"పేకాట లేదు, ముక్కలు లేవు. ముక్కలమీద బూట్లు బరువు పెట్టారన్నానే, అదీ లేదు. అన్నీ నేను కలిపినవే."

చిన్నాఫీసరు చూపు నేలమీదికి దించేసింది. ఆయన చేతిలో బూటు తాడు ఉంది. ఒక బూటు కట్టడం అయింది, రెండోది నోరు తెరుచుకుని ఉంది.

"ఎందుకు కలిపావు?" అన్నాడు ఆయన. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

ఇందాకటిదంతా సులువు. అసలుది ఇది. సరదాకి అంటే సరిపోతుంది, అందరూ ఒప్పుకుంటారు, పాపం సరదా మనిషి అంటారు.

"ఆ కమాండరు భార్య గిన్నెల షాపులో నన్ను చూసి పలకరించలేదు. చెయ్యెత్తితే వెళ్ళిపోయింది. ఆమె మీ రూలు పాటించింది అన్నయ్యగారూ. నాకు రూలు గుర్తులేదు, కోపం గుర్తుంది. ఆ కోపాన్ని తీసుకెళ్ళి ఆమె మొగుడి పటాలం మీద పోశాను. నవ్వొచ్చేలా పోశాను, ఎవరికీ తెలియకుండా. తప్పు చేశాను."

లెక్కలాయన జేబులోంచి ఒక పెన్ను తీసి, దానివంక చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నేను నవ్వాను నాయనా," అన్నారు అత్తగారు కిటికీ దగ్గర్నుంచి. "అది కూడా కలుపుకో."

జీపు డ్రైవరు హారను కొట్టాడు. లెక్కలాయన ఆమె చేతుల్లోంచి క్యారియర్లు ఒక్కొక్కటే తీసుకుని బల్ల మీద పెట్టాడు. తరవాత ఆయన వైపు తిరిగి, మొదటిరోజు అడిగిన గొంతుతోనే, హెచ్చూ తగ్గూ లేకుండా అడిగాడు.

"సార్, ఈ యూనిట్ గురించి ముందుగా మీరేమైనా విన్నారా?"

ఆయన ముందు భార్య వంక చూశాడు. మార్కులు వేసే చూపు కాదది. తరవాత వంగి రెండో బూటు తాడు ముడివెయ్యబోయాడు. ముడి జారింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. తాడు వదిలేసి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఇన్ని పటాలాలు చూశాను," అన్నాడు. "ఎప్పుడూ ఏ లారీ అరలోనూ చెయ్యి పెట్టలేదు. ఈసారే పెట్టాను. దొరికేదాకా పెట్టాను." గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడ చెప్పింది. నేను విన్నాను. నాకెవరూ ఏమీ చెప్పలేదని మీతో అన్నది తప్పు."